నొప్పికి మార్కులు

"నొప్పి ఎంతుంది పెద్దమ్మా? అసలు లేకపోతే సున్నా, భరించలేకపోతే పది."

"నాకేం నొప్పి తల్లీ! దుక్కలా ఉన్నాను" అంది మోకాలు మార్పిడికి వచ్చిన పెద్దావిడ, మంచం కమ్మీని రెండు చేతులా పట్టుకుని.

నర్సుకి తల బాదుకోవాలనిపించింది. ఇలా అడగడం ఇది మూడోసారి. ఆపరేషన్‌కి ముందు నొప్పి ఎంత, ఏడాది తర్వాత ఎంత అని పై ఆఫీసువాళ్లు చూస్తారు. ఎంత తగ్గితే ఆసుపత్రికి అంత ఎక్కువ మార్కులు. ఆ మార్కుల్ని బట్టే వార్డులో జీతాలు. కిందటేడు ఒక్క మార్కు తక్కువై నర్సుకి చిల్లిగవ్వ పెరగలేదు. ఇప్పుడీ మహాతల్లి సున్నా అంటే, ఇంక తగ్గడానికి ఏముంటుంది?

"పోనీ, మెట్లెక్కగలరా?"

"ఓ, పరిగెత్తుకుంటూ!"

"అత్తయ్యా!" కోడలు నెత్తి కొట్టుకుంది. "ఇంట్లో బాత్‌రూమ్‌కి వెళ్లాలన్నా నా భుజం ఊడొచ్చేలా వేలాడతారు. ఇక్కడికొచ్చి ఈ గొప్పలేంటి?"

"నువ్వూరుకో. పరాయివాళ్ల ముందు మూలుగుతూ కూర్చుంటే నామోషీ కాదూ?"

నర్సు ఓపిక నశించింది. పెన్ను బల్ల మీద విసిరికొట్టింది.

"మీరు నొప్పి ఎంత ఎక్కువ చెబితే మాకంత మంచిది పెద్దమ్మా! మా జీతాలు పెరిగేది దాంతోనే! ఇక మీ ఇష్టం!"

పెద్దావిడ నొచ్చుకుంది. "అయ్యో, ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదమ్మా! రాసుకో, పది."

పాపం, అది నిజం కూడా.

ఏడాది తిరిగింది. పై ఆఫీసు మనిషి మూడో అంతస్తులో తలుపేసుకుని కూర్చున్నాడు. ఆసుపత్రివాళ్లెవరినీ గదిలోకి రానివ్వకుండా, ఆపరేషన్ అయినవాళ్లని ఒక్కొక్కరినే పిలిచి అడుగుతున్నాడు. ఇక మిగిలింది పెద్దావిడ ఒక్కతే. ఆవిడ కాగితం బాగుంటే చాలు, జీతం పెరిగినట్టే. సరిగ్గా ఆరోజే లిఫ్టు చెడిపోయి చచ్చింది.

పెద్దావిడ చేతికర్ర లేకుండా, పక్కన కమ్మీ కూడా పట్టుకోకుండా చకచకా మెట్లెక్కేసింది. వెనక కోడలే రొప్పుతోంది. కింద నిలబడి చూస్తున్న నర్సుకి ప్రాణం లేచొచ్చింది.

పది నిమిషాల్లో పెద్దావిడ అంతే చకచకా దిగొచ్చి, నర్సు చేతులు పట్టుకుని గుసగుసలాడింది.

"మీ చలవ వల్ల నిక్షేపంలా ఉన్నాను తల్లీ. ఆ మేలు మర్చిపోతానా? నామోషీ అయినా సరే, అడుగు తీసి అడుగు వెయ్యలేకపోతున్నానని చెప్పి, ఈసారి కూడా నొప్పి పదికి పది వేయించాను. ఇక నీ జీతం ఎలా పెరగదో చూస్తాను!"