పిట్టగోడ కింద పరుపు

మూడు గంటలకోసారి పాలు పట్టాలి. తేన్పు వచ్చేదాకా భుజాన వేసుకోవాలి. తడిగుడ్డలు మార్చాలి. ఐరన్ మాత్ర మింగాలి. కుట్లు తడవకుండా చూసుకోవాలి. చూడవచ్చిన వాళ్ళందరికీ నవ్వుమొహంతో కనిపించాలి.

ఆఖరిది మాత్రం ఆమె ఎవరికీ చెప్పలేదు. బాల్కనీ పిట్టగోడ దగ్గరికి పోకూడదు.

పాప పుట్టి ఇరవై రెండు రోజులు.

మధ్యాహ్నం రెండు దాటితే భర్త ఆఫీసులో, అత్తగారు కునుకులో, పాప ఉయ్యాలలో. ఇల్లంతా గమ్మున ఉండేది. అప్పుడే గోడ పిలిచేది.

గోడ పిలవడమేమిటని ఎవరైనా నవ్వుతారు. పిలిచేది, అంతే.

ఆమె వెళ్ళి దాని మీద కూర్చునేది. రెండంతస్తుల కింద సిమెంటు నేల.

ఒకరోజు ఆ నేల మీద పరుపు కనిపించింది.

ఒక ముసలాయన దాని కుట్లు విప్పి, దూది తీసి చేత్తో పీకి, మళ్ళీ కూరి, దబ్బనంతో కుడుతున్నాడు. తలెత్తి చూశాడు.

"అమ్మా, కాసిని మంచినీళ్ళిస్తావా?"

ఆమె గోడ దిగింది. సీసాకు తాడు కట్టి కిందికి వదిలింది. ఆ రోజుకి గోడ నోరు మూసుకుంది.

మర్నాడూ ఆయనే. అదే చోటు, అదే కేక.

"భోంచేశావా తల్లీ?"

"ఆఁ."

"ఏం తిన్నావు?"

ఎంత ఆలోచించినా ఆమెకు గుర్తు రాలేదు.

"మీకేం పని?" అంది విసుగ్గా.

"పరుపు పనేనమ్మా. ఇంకేం పని?"

ఎనిమిది రోజులు గడిచాయి. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. గోడెక్కితే చాలు, కంట్లో నలుసులా ఈ ముసలాయన.

"అత్తయ్యా, కింద పరుపులాయన దూది పీకుతున్నాడు. నూగంతా పాప మీదికి వస్తోంది" అంది.

అబద్ధం. ఒక్క పోగు కూడా పైకి రాలేదు.

"అయ్యో, పసిదాని ముక్కులోకి పోతే ఇంకేమైనా ఉందా!" అత్తగారు కొడుక్కి ఫోన్ చేసింది. "ఒరేయ్, అమావాస్యకో పున్నానికో తండ్రివి కాదు నువ్వు. రేపు సెలవు పెట్టు."

తొమ్మిదో రోజు భర్త కిందికి దిగాడు.

"ఏం పెద్దాయనా, ఊళ్ళో ఇంకెక్కడా చోటు దొరకలేదా?"

"ఇంకో పది రోజులు ఉండనివ్వు బాబూ."

"పది రోజులా? పరుపు కుడుతున్నావా, ఓడ కడుతున్నావా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ముసలాయన నవ్వలేదు.

"బాబూ, మధ్యాహ్నాలు నువ్వు ఇంటి దగ్గర ఉండగలవా?"

"నా సంగతి నీకెందుకయ్యా? ముందు కదులు."

ఆయన పరుపు చుట్టి తలకెత్తుకున్నాడు. పోతూ పోతూ పైకి చూశాడు. ఆమె తలుపు చాటుకు తప్పుకుంది.

మర్నాడు రెండు దాటింది. గోడ పిలిచింది. ఆమె వెళ్ళి ఎక్కి కూర్చుంది. కింద ఉత్త నేల. అడ్డం ఎవరూ లేరు.

కింద మెట్ల పక్క గదిలో కుట్టుమిషన్ చప్పుడు ఆగింది. అక్కడ బట్టలు కుట్టే అక్క పరుగున బయటికొచ్చింది.

"చెల్లీ! నీతో పనుంది, కిందికి రా." మెట్లకేసి చెయ్యి చూపింది. "మెట్ల మీదుగా రా."

ఆమె మెట్లు దిగింది. అక్క స్టూలు వేసి, చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"వెళ్తూ వెళ్తూ నిన్ను నాకు అప్పగించాడు ఆ పెద్దాయన. మధ్యాహ్నం ఆ గోడ మీద ఓ కన్నేసి ఉంచమన్నాడు."

"ఆయనకెందుకు?"

"ఈ దారిన పోతూ ఒకరోజు నిన్ను చూశాడంట. ఈ వీధిలో ఆయనకి పని ఎవరిచ్చారే? అన్ని రోజులూ ఒక్క పరుపునే విప్పాడు, దాన్నే కుట్టాడు."

ఆమె తలెత్తి పైన గోడకేసి చూసింది.

"మా వాళ్ళకి చెప్పచ్చు కదా!"

"నేనూ అదే అన్నాను. 'చెప్తే ఆ పిల్లని పిచ్చిదంటారు, బిడ్డని చేతికివ్వరు. నాలుగు రోజులు పోతే తేరుకుంటుంది. అప్పటిదాకా కింద మెత్తగా ఉంటే చాలు' అన్నాడు."

ఆమె పైకి వెళ్ళి అత్తగారిని లేపింది.

"అత్తయ్యా, నూగు మాట అబద్ధం."

మిగతాదీ చెప్పింది. అత్తగారు లేచి వెళ్ళి బాల్కనీ తలుపుకు తాళం వేసి వచ్చింది.

"రేపు డాక్టరమ్మ దగ్గరికి పోదాం. ఇప్పుడు నా పక్కన పడుకో. బిడ్డనీ తెచ్చుకో."

సంగతి తెలిశాక భర్త ఆ పెద్దాయన కోసం వారం రోజులు వీధి వీధీ గాలించాడు. "పేరేంటి?" అని అడిగారు అందరూ. ఆయన్ని ఇంట్లో ఎవరూ ఏనాడూ పేరు అడగలేదు. చివరికి లారీ షెడ్డు కాపలాదారు గుర్తుపట్టాడు.

"ఆయనా? ఊరు వదిలి వెళ్ళిపోయాడు."

"చుట్టుపక్కల పరుపులు కుట్టేవాడా?"

"ఏం పరుపులు బాబూ! ఉన్నది ఒక్కటి, ఆయన పడుకునేది. ఆ తొమ్మిది రోజులూ దాన్ని పగలంతా విప్పేవాడు, రాత్రికి కుట్టడం సగంలోనే ఉండేది. ఇక్కడ వట్టి నేల మీదే పడుకున్నాడు."

మీరు నడుం వాల్చినప్పుడు ఆ మనిషిని ఒక్కసారి తలుచుకోండి.