పేజీ తిప్పే ముందు

2058 ఆగస్టు పదకొండు. ఆ సాయంత్రం పొరుగింటి వకుళ పంపిన వేడి గారెలు తిని, మా ఇంట్లో ఆమె కూతురు హంసినికి, నేనెప్పుడో రాసిన పుస్తకం చదివి వినిపిస్తున్నాను. మా ఆవిడ భ్రమరాంబ పోయాక నా గొంతు వినేది ఆ పిల్లొక్కతే.

ఇళ్లలోని కథాయంత్రాలు పిల్లల గుండె వేగం పెరగగానే కథ మార్చేస్తాయి. అచ్చు పుస్తకానికి అది చేతకాదు. గుండె వేగం కొలిచే హంసిని చేతిపట్టీ నావల్ల ఇప్పటికే రెండుసార్లు ఎర్రబడింది. మూడోసారి ఎర్రబడ్డాక నిమిషంలోగా తల్లి దాన్ని నొక్కి సమ్మతి తెలపకపోతే, చట్టప్రకారం నేనిక ఏ బిడ్డకూ కథ చెప్పకూడదు.

కథలో మేకపిల్ల వరదలో కొట్టుకుపోతోంది. ముప్పై ఏళ్లు గ్రంథాలయంలో పిల్లలకు చదివిన అలవాటు కొద్దీ, పేజీ తిప్పే ముందు ఆగాను. ఆ ఆగడమే చేటు తెచ్చింది. పట్టీ ఎర్రబడి మోగింది.

వకుళ పక్కింట్లోంచి పరుగున వచ్చింది. "మళ్లీనా బాబాయిగారూ? పిల్ల వణికిపోతోంది!"

"తప్పు నాదేనమ్మా," అంటూ పుస్తకం మూయబోయాను.

హంసిని నా చెయ్యి పట్టుకుంది. "మూస్తే నీతో కటీఫ్! యంత్రమైతే మేకపిల్లని వెంటనే ఒడ్డుకి చేర్చేస్తుంది తాతా. నిజంగా ఏమైందో నాకు చెప్పు."

పట్టీ మీద తొమ్మిది, ఎనిమిది అని అంకెలు తగ్గుతున్నాయి. వకుళ కూతురి ముఖం వైపే చూస్తూ నిలబడింది. అంకె రెండుకు చేరగానే వంగి పట్టీ నొక్కింది.

"తిప్పండి," అని, తానూ వినడానికి ఉండిపోతూ వీధి తలుపు చప్పుడు కాకుండా లోపలినుంచి మూసేసింది.