రూటు అప్పగింత

"ఇక్కడ హారన్ కొట్టకు తమ్మీ. ఆ ఇంట్ల పసిపిల్లగాడున్నడు. జర ఆగితే పాపనే వస్తది," అన్నాడు లింబాద్రి.

స్టీరింగు ముందున్న దస్తగిరి తలూపాడు. యుద్ధం ముగిసి రెండు నెలలు కావస్తున్నా, విషవాయువు భయంతో ఆ ఇంటి కిటికీలకు అంటించిన టేపు ఇంకా తీయలేదు. అల్ ఖోబర్‌లో ఇండియన్ స్కూలు బస్సుల కాంట్రాక్టు ఆ ఉదయమే కొత్త కంపెనీకి మారింది. మూడేళ్లుగా ఈ రూటులో తిరిగిన లింబాద్రి, కొత్త డ్రైవరుకు దారి చూపడానికి పక్కన కూర్చున్నాడు. అతనికి వీసా ఇచ్చిన యజమాని, కఫీల్‌కు ఇక వేరే బస్సు లేదు. రేపే లింబాద్రికి ఖురూజ్, వీసా రద్దయి ఇంటికి ప్రయాణం. మళ్లీ రావడమంటూ ఉండదు.

ఏడేళ్ల కావ్య పరుగున వచ్చి ఎక్కింది.

"అంకుల్, నా పన్ను ఊడిపోయింది, చూడండి! మీరెందుకు అక్కడ కూర్చున్నారు?"

"ఇయ్యాల్టి సంది ఈ అంకుల్ నడుపుతడు బిడ్డా."

కావ్య లింబాద్రి వెనక సీట్లో కూర్చుని స్కూలు దాకా పన్ను కథే చెప్పింది. లింబాద్రి గదిలో ఎనిమిది మంది ఉంటారు. ఒక్కరికీ తెలుగు రాదు. రోజు మొత్తంలో అతని చెవిన పడే తెలుగు ఈ అరగంట కబుర్లే. ఒళ్లు కాలిపోతున్నా అతను ఏనాడూ డ్యూటీ మానలేదు.

మలుపు ఇంకా దూరముండగానే అతని కుడికాలు నేలను గట్టిగా నొక్కింది.

"ఏందన్నా, ఉత్త నేల తొక్కుతాండావు?" దస్తగిరి నవ్వాడు. "కొత్త బండి ఇది. ముట్టుకుంటే నిలబడ్తాది."

"అలవాటైంది తమ్మీ."

పిల్లలంతా స్కూలు ముందు దిగిపోయారు. దస్తగిరి ఇంజను ఆపాడు.

"నీ నోటికాడి కూడు లాక్కున్నట్టుందన్నా నాకు."

"నువ్వేం జేసినవ్? నీ తప్పేమున్నది?"

"ఎవడో పేరు పెట్టకుండా స్కూలుకు ఉత్తరం రాసినాడంట గదా, మీ బస్సుకు బ్రేకులు సరిగా పడ్డం లేదని. వాళ్లు బండి చూసి కాంట్రాక్టు తీసేసినారంట. ముందే మీ కఫీల్‌తో చెప్పి బాగు చేయించుకోకపోతివా?"

"లడాయి మొదలు కాకముందు నుంచి చెప్తున్న. ఎప్పుడడిగినా బుక్రా, బుక్రా... రేపు చూద్దమనుడే."

"అయినా ఆ రాసినోడు నీ గురించి ఆలోచించినాడా? బస్సు నిలిచిపోతే డ్రైవరును ఇంటికి తోలేస్తారని తెలీదా వానికి?"

"తెలిసే ఉంటది."

"ఎవడో నువ్వంటే గిట్టనోడే అన్నా."

లింబాద్రి బస్సు దిగాడు.

"సాయంత్రం కావ్య వాళ్లమ్మ గేటు తీసేదాకా బండి కదిలియ్యకు తమ్మీ," అన్నాడు.

స్కూలు గోడ పక్కన కాసేపు నిలబడ్డాడు. లోపల పిల్లలందరి గొంతులూ కలిసి గోలగా వినిపిస్తున్నాయి. అందులో తెలుగు ఏదో పోల్చుకోలేకపోయాడు. బెల్లు మోగి అంతా సద్దుమణిగాక, గది వైపు ఒక్కడే నడిచాడు.

ఆ ఉత్తరం రాసింది లింబాద్రే.