మొదటి వరసలో కుర్చీ

"మీరు రాకపోతే ఎట్లా అమ్మగారూ? మొదటి వరసలో మీకు కుర్చీ కూడా వేస్తున్నాం" అన్నాడు పానకాలు.

మాణిక్యమ్మ గుమ్మంలోనే నిలబడి తల అడ్డంగా ఊపింది. "నేను రాలేను నాయనా. మీరు బాగా ఆడండి, గెలవండి. నన్ను మాత్రం అక్కడ కూర్చోమనొద్దు."

రేపు సాయంత్రం కాలేజీ మైదానంలో బెజవాడ జట్టుతో బాస్కెట్‌బాల్ మ్యాచి. మాణిక్యమ్మ భర్త ప్రేమదాసు మాస్టారు పోయి పన్నెండు రోజులు. గుంటూరులో ఆ ఆటంటే ఏమిటో తెలియని కాలంలో, మిర్చి లారీలు ఆగే ఖాళీ జాగా చదును చేయించి, రెండు తాటిమొద్దులు పాతి, వాటికి ఇనప చక్రాలు బిగించి ఆట నేర్పిన మనిషి ఆయన. ఇరవై రెండేళ్లు నేర్పాడు. ఆడేవాళ్ల సంగతి సరే, జన్మలో బంతి ముట్టుకోని వాళ్లు కూడా గొంతులు చించుకోవడానికి పరిగెత్తుకొచ్చేవాళ్లంటే అది ఆయన చలవే. ఆ అరుపుల దండుకి నాయకుడు పానకాలు. తప్పెట పీరుది. బోర్డు మీద సుద్దముక్కతో స్కోరు రాసేది అంకారావు.

"ఆ ఆకాశరామన్న ఎవడో తెలిస్తే చెప్పండమ్మా" అన్నాడు పానకాలు పళ్లు నూరుతూ. "కోర్టు మధ్యలో నిలబెట్టి తోలు వలుస్తాం!"

"మనిషి పుటక పుట్టినవాడైతే రాస్తాడా అట్లాంటి ఉత్తరం?" అన్నాడు పీరు.

మాణిక్యమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అంకారావు తన కాళ్లకేసి చూసుకున్నాడు.

నెల కిందట ప్రిన్సిపాలుగారికి సంతకం లేని ఉత్తరం ఒకటి అందింది. ప్రేమదాసు ముసలివాడైపోయాడు, పరిగెత్తలేకపోతున్నాడు, మాన్పించండి అని. రెండు మ్యాచీలు ఓడిపోయి ఉన్న సమయం. ప్రిన్సిపాలుగారు ముందూవెనకా చూడకుండా, ఇక కోర్టులోకి దిగవద్దని కాగితం ఇచ్చేశాడు. మాస్టారు దాన్ని మడిచి జేబులో పెట్టుకుని ఇంటికొచ్చి కుర్చీలో కూర్చున్నాడు. పదిహేను రోజులు గడప దాటలేదు. పదహారో రోజు పొద్దున ఆ కుర్చీలోనే ప్రాణం పోయింది.

వీధి మలుపు దాకా వెళ్లి, సైకిలు తాళం మర్చిపోయానని అబద్ధమాడి అంకారావు వెనక్కి వచ్చాడు. మాణిక్యమ్మ ఇంకా గుమ్మంలోనే ఉంది.

"అమ్మగారూ, మీతో ఒక మాట చెప్పాలి."

"లోపలికి రా."

కిటికీలో మందుసీసాలు వరసగా ఉన్నాయి. అన్నీ సగం సగం. అతను వాటిని చూడటం ఆమె చూసింది.

"ఆయన తాగితేనా? గుండె చెడింది, రెండు నెలలు ఇంట్లో కూర్చుంటేనే బతుకుతాడు అన్నాడు డాక్టరు. బతిమాలాను, ఏడ్చాను, అన్నం మానేశాను. ఈల మెళ్లో వేసుకుని మండుటెండలో పోయేవారు. నువ్వేం చెప్పాలనుకున్నావు?"

అంకారావు ఆమె ఎదుట నేల మీద కూర్చున్నాడు.

"ఆ ఉత్తరం రాసింది నేనేనమ్మా."

ఆమె వీధి తలుపు దగ్గరగా వేసింది.

"నన్ను జట్టులోకి తీసుకోలేదని కడుపుమంట. నీ అక్షరాలు ముత్యాల్లా ఉంటాయిరా, స్కోరు నువ్వే రాయాలి అన్నారు. అందరి ముందూ వెక్కిరించారనుకున్నాను. ఆ చేత్తోనే రాశాను. బేరింగు ఉత్తరమైతే డబ్బులు వసూలు చేసుకోవాలి కాబట్టి పోస్టుమాను ఖాయంగా చేరుస్తాడని, కావాలనే స్టాంపు అంటించలేదు." అతని మొహం సిగ్గుతో కాలిపోతోంది. "మాస్టార్ని చంపింది నేనమ్మా. రేపు ఏ మొహం పెట్టుకుని బోర్డు దగ్గర నిలబడను?"

మాణిక్యమ్మ గోడవార ఉన్న ట్రంకుపెట్టె తెరిచి, అడుగు నుంచి ఒక కవరు తీసి అతని చేతిలో పెట్టింది. ప్రిన్సిపాలుగారి పేరు, ముత్యాల్లాంటి అక్షరాలు. అంటించిన అంచు అంటించినట్టే ఉంది.

"ఆఫీసులో బంట్రోతు పేరయ్య స్టాంపు లేని ఉత్తరాలు పుచ్చుకోడు. తిప్పి పంపేస్తుంటే ఈయన పక్కనే ఉన్నారంట. కవరు మీద నీ రాత చూసి, తనే డబ్బులిచ్చి తెచ్చుకున్నారు."

"చదివారా?"

"విప్పనే లేదు. అంకారావు కోపం మీదున్నాడు, చల్లారాక వాడిది వాడికే ఇచ్చేద్దాం అన్నారు."

అంకారావుకి ఏడుపు ఆగలేదు. తన ఉత్తరం చేరలేదు, మాస్టారు పోయింది తన వల్ల కాదు అని గుండె ఒక్క క్షణం తేలికపడింది. అలా తేలికపడినందుకు మళ్లీ సిగ్గేసింది. ఆమె పాదాలు అందుకోబోయాడు. ఆమె గబుక్కున వెనక్కి జరిగింది.

"నాకు దణ్ణం పెట్టొద్దురా."

"అయితే రేపు రండమ్మా. మీరొచ్చి ఆ కుర్చీలో కూర్చుంటే మాస్టారు వచ్చినట్టే ఉంటుంది. అందరం మీకు మొక్కుకుని ఆట మొదలుపెడతాం."

"ఆ కుర్చీ తీసేయించు."

అంకారావుకి అర్థం కాలేదు. చేతిలోని కవరు అటూ ఇటూ తిప్పాడు. అప్పటికి గాని సందేహం రాలేదు.

"మరి ప్రిన్సిపాలుగారికి అందిన ఉత్తరం ఎవరిదమ్మా?"

మాణిక్యమ్మ కిటికీలోని మందుసీసాల వైపు తిరిగింది.

"అది నేను రాశాను."