గుడారంలో గడియారం

మహారాజు కత్తి దూసేసరికి, ఆయన తల వెనక యుద్ధగుడారపు గుంజకి వేలాడుతున్న గోడగడియారంలో సరిగ్గా పదీ పది అయింది.

షాటుకీ షాటుకీ తేడా రాకుండా కంటిన్యుయిటీ చూసే అమ్మాయి బొమ్మని అక్కడే ఆపేసింది. కథ జరిగేది ఎనిమిది వందల ఏళ్ళ కిందట. ఎపిసోడ్ నిన్న సాయంత్రమే ప్రసారమైపోయింది. పొద్దున్నుంచి ఆఫీసు ఫోను మోగుతూనే ఉంది, ఎత్తితే అవతల నవ్వులు.

"పోనీలే, మహారాజు టైముకి బయల్దేరాడు," అన్నాడు ఎడిటరు. అన్నాడేగాని అతనికే నవ్వు రాలేదు. షూటింగు రోజు పొగలో ఆ గుంజ ఎవరి కంటికీ ఆనలేదు. తను మొదట వేరే షాటు పెట్టానని, మహారాజు ముఖంలో కోపం ఇందులోనే పండిందని డైరెక్టరు దీన్నే ఉంచమన్నాడని, తనూ ముఖమే చూశాడు తప్ప వెనక చూడలేదని చెప్పుకొచ్చాడు.

ఇది మొదటిసారి అయితే సర్దుకుపోయేవాళ్ళు. మూడు నెలల కిందట సేనాపతి డాలుకి మరమేకు కనబడింది. వారం తిరక్కుండా ఒక ఉత్తరం వచ్చింది. "దర్శకుడు గారికి" అని మొదలై, ఎర్రసిరాతో, మరమేకుల చరిత్రంతా చెప్పి, చివర "పదికి ఏడు" అని మార్కులు వేసి ఉంది. కింద సంతకం: ఒక చరిత్ర మాస్టారు. డైరెక్టరు దాన్ని నిలబడే చదివి జేబులో పెట్టుకున్నాడు.

తర్వాత రాజుగారి వంటశాలలో, ఆ కాలానికి మన దేశానికే రాని బంగాళాదుంపలు కనిపించాయి. వాటికి పదికి ఆరు. లేఖకుడి పక్కన బాల్‌పెన్ను దొర్లింది. దానికి నాలుగు. ఆపైన ఎందుకో ఉత్తరాలు ఆగిపోయాయి. తప్పులు మాత్రం ఆగలేదు, పైగా ముదిరాయి. గతవారం మంత్రిగారి వెనక ప్లాస్టిక్ కుర్చీ. ఇప్పుడు గడియారం.

డైరెక్టరు రోజూ వస్తూనే ఆఫీసు గుమస్తాని అడిగేవాడు, ఉత్తరమేమైనా వచ్చిందా అని. లేదని చెబితే అట్నుంచటే లోపలికి పోయేవాడు. ఇంత పేరున్న మనిషి ఎవరో మాస్టారికి అంతగా జడుస్తున్నాడేమిటని యూనిట్ అంతా చాటుగా నవ్వుకునేది.

నిర్మాత మాత్రం నవ్వలేదు. ఇది ఎవరి పనో సాయంత్రం లోపు తేల్చాలన్నాడు. తేలకపోతే సెట్ సామాను చూసే పెద్దాయన రేపట్నుంచి రానక్కర్లేదన్నాడు.

ఆ పెద్దాయన్ని అందరూ బాబాయి అంటారు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆయన చేతిమీదుగా పోని సింహాసనం లేదు. కంటిన్యుయిటీ అమ్మాయి సామాను గదికి వెళ్ళేసరికి ఆయన కత్తులన్నీ వరసలో పేర్చి, మళ్ళీ మొదట్నుంచి లెక్కపెడుతున్నాడు.

"మీ పని కాదని నాకు తెలుసు బాబాయ్," అందామె.

"నాకు తెలీదమ్మలూ," అన్నాడాయన తల ఎత్తకుండా. "మా అన్నయ్యకి సరిగ్గా ఈ వయసులోనే మతి తప్పింది. అన్నం తిని తినలేదనేవాడు. ఆ గడియారం నేనే తగిలించి మరిచిపోయానేమో."

ఆమె ఫోను తీసి అందులో ఉన్న ఫొటో చూపించింది. ప్రతి షాటుకి ముందు, ఆయన సర్దడం అయ్యాక సెట్‌ని ఫొటో తీయడం ఆమె పని. గుంజ ఖాళీగా ఉంది. ఆ తర్వాత అలవాటు ప్రకారం అందరూ బయటికి వచ్చేశారు, డైరెక్టరు ఐదు నిమిషాలు ఒంటరిగా కూర్చుని ఆ కాలంలోకి వెళ్ళడానికి. తిరిగి లోపలికి వెళ్ళినప్పుడు నటులు, లైట్లవాళ్ళు, గుర్రాలవాళ్ళు కలిపి నలభై మంది. ఎవర్నని పట్టుకుంటారు?

బాబాయి ఫొటోని చాలాసేపు చూశాడు. ధైర్యం చిక్కినట్టే ఉంది గాని నమ్మకం కుదరలేదు. "ఫొటో తీశాక మళ్ళీ వెళ్ళానేమో," అన్నాడు.

నాలుగింటికి డైరెక్టరు సామాను గదికి వచ్చాడు. బాబాయి లేచి, మొలతాడుకి కట్టుకున్న తాళాలగుత్తి విప్పి బల్ల మీద పెట్టాడు. నిర్మాత గారు పొమ్మనక ముందే తానే పోతానని, ఇంకా ఉంటే రేపు మహారాజు చేతికి టార్చిలైటు ఇస్తానేమోనని అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

డైరెక్టరు నోరు తెరవబోయాడు. అంతలో గుమస్తా వచ్చి కవరు అందించాడు.

"ఉత్తరం అండీ. మీరు రోజూ అడుగుతున్నారుగా. ఊరు అదే, దస్తూరీ వేరు."

డైరెక్టరు చింపి, రెండు లైన్లు చదివి, కాగితం అమ్మాయి చేతికిచ్చాడు. "చదువు," అన్నాడు. ఆమె పైకి చదివింది.

"మాస్టారి పక్కింటివాణ్ణి రాస్తున్నాను. నెల కిందట ఆయనకి చూపు పూర్తిగా పోయింది. మీ సీరియల్ మాత్రం మానలేదు. టీవీ దగ్గరికి కుర్చీ లాక్కుని వింటున్నారు. ఈ మధ్య ఒక్క తప్పూ దొర్లడం లేదని, పదికి పది ఇవ్వొచ్చని నాతో అన్నారు. మీకు చెప్పమని ఆయన అనలేదు. నేనే ఉండబట్టలేక రాస్తున్నాను."

డైరెక్టరు తాళాలగుత్తి తీసి బాబాయి అరచేతిలో పెట్టి వేళ్ళు మూశాడు.

"మీ మతికేం కాలేదు బాబాయ్. గడియారం తగిలించింది నేను. కుర్చీ, పెన్ను, దుంపలు అన్నీ నేనే పెట్టాను. మొదటి మరమేకు ఒక్కటే నిజంగా పొరపాటు. నిర్మాతకి నేను చెప్తాను. విషయాన్ని ఇంత దూరం రానిచ్చి ఉండకూడదు నేను."

"మీ సీరియల్‌ని మీరే పాడుచేసుకున్నారా?" అంది అమ్మాయి. "ఎందుకండీ?"

డైరెక్టరు ఆమె చేతిలోంచి కాగితం తీసుకుని మడత పెట్టాడు.

"తప్పు కనిపిస్తే తప్ప మా నాన్న నాకు ఉత్తరం రాయడు."