ఫొటో లేని ఊరు

భీమిలి దాటినప్పటి నుంచీ కారు దాని మానాన అది పోతోంది. మౌనిక కిటికీ అద్దంలో నలభై ఏళ్ల కిందటి సముద్రాన్ని చూస్తోంది. ఇప్పుడు అన్ని కార్లకూ ఇవే అద్దాలు. మన పాత ఫొటోలు ఇస్తే చాలు, బయట ఏమున్నా లోపలికి ఆనాటి ఊరే కనిపిస్తుంది. పెళ్లయిన కొత్తలో భర్త దిలీప్‌తో బైకు మీద తిరిగిన దారంతా, సరుగుడు తోటలూ ముంజలమ్మే ముసలమ్మతో సహా, చెక్కుచెదరకుండా వెనక్కి పోతోంది.

కళింగపట్నం రాగానే అద్దం మామూలు గాజైపోయింది. బయట ఎత్తైన రాతిగోడ, దాని మీద విరుగుతున్న బూడిదరంగు అల.

"ఏటిది, పాడైపోనాదా?" అన్నాడు దిలీప్.

"పాడవలేదు. ఈ ఊర్లో మనం ఒక్క ఫొటో తీసుకోలేదు కదా. ఆవేళ మనకి మాటల్లేవు."

చెప్పులు అతనికి అప్పగించి ఆమె ఇక్కడే నీళ్లలోకి దిగింది ఆ రోజు. అతను ఫోన్లో మునిగిపోయాడు, అల చెప్పుల్ని పట్టుకుపోయింది. బారువ దాకా ఆమె ఒట్టికాళ్లతో, నోరు విప్పకుండా బైకు వెనక కూర్చుంది.

"కారాపు," అంది మౌనిక.

పొద్దుట్నుంచి దిగడం ఇదే మొదటిసారి. గోడ మెట్ల మీద ఉప్పుగాలి ముఖాన కొట్టింది. ఆమె చెప్పులు విప్పి అతని చేతికిచ్చింది.

దిలీప్ వాటిని చంకలో పెట్టుకుని ఫోను తీయబోయాడు. "ఒక్క ఫొటో, మౌనీ."

"వద్దు. ఫొటో ఉండుంటే ఈవేళ ఇక్కడ దిగేవాళ్లమా?" అంటూ ఆమె నీళ్లలో కాలు పెట్టింది.

దిలీప్ ఫోను జేబులో వేసుకుని, చెప్పుల్ని రెండు చేతులా పట్టుకున్నాడు.