ఎర్ర మేకులు

వడ్రంగికి ఈమధ్య తమ్ముడి పేరు వింటేనే ఒళ్లు మండుతోంది. కంకర క్వారీ వద్దని ఊరంతా ఏకమైతే, కంపెనీవాళ్లు హద్దుల కోసం కొండ చుట్టూ పాతిన ఎర్ర మేకులన్నీ తమ్ముడే పీకించాడు. అప్పట్నుంచి ఎవరి నోట విన్నా వాడి గొప్పే. చివరికి కట్టుకున్న భార్య కూడా, "మగాడంటే మీ తమ్ముడేనండీ" అనేసింది.

అందుకే ఆ రాత్రి పీకిన మేకుల్లోంచి ఆరింటిని సంచిలో వేసుకుని తమ్ముడి చేలోకి నడిచాడు. తెల్లారి ఊరు చూస్తుంది. పొలం కంపెనీకి అమ్ముకున్నాడనుకుంటుంది. ఇక ఎలా తలెత్తుకు తిరుగుతాడో చూద్దాం!

మేకు కొట్టడంలో వడ్రంగిది ఒకటే పద్ధతి. రెండు దెబ్బలు మెల్లగా, మూడోది గట్టిగా. టక్, టక్, టాక్!

దూరంగా అదే వరసలో ఇంకెవరో కొట్టారు.

కొండ బదులిస్తోందనుకున్నాడు. కానీ కొండ అతని వెనక ఉంది. చప్పుడు ఎదురుగా, ఊరివైపు నుంచి వచ్చింది.

ఆరో మేకు మీదికి సుత్తి ఎత్తాడు. ఇంకా దించనేలేదు.

టక్, టక్, టాక్!

సుత్తి అక్కడే పారేసి ఇంటిదారి పట్టాడు. దారి పొడవునా అప్పుడే పాతిన ఎర్ర మేకులు. ఆఖరిది తన గుమ్మం ముందు. తను దగ్గరికి లాగి వెళ్లిన తలుపుకి ఇప్పుడు లోపల గడియ వేసి ఉంది.

తట్టబోతుంటే లోపల్నుంచి భార్య గొంతు నిద్రమత్తుగా వినిపించింది.

"ఏంటండీ ఈ గోల? ఇంత రాత్రప్పుడు మంచం కింద దూరి ఏం కొడుతున్నారు?"